రాగిని రాగే తింటుంది

1956 మే 9, మైదుకూరు

పెద్దన్నను నరికారు. కాలువ నీళ్ళ వంతు గురించి తాసీల్దారు ఆఫీసుకొచ్చి, తిరుగు బస్సు కోసం నిలబడి ఉంటే, పట్టపగలు, సంత జనం మధ్య. నలుగురు. మొదటి దెబ్బ మెడ మీద. తక్కినవన్నీ చేతుల మీద, అడ్డం పెట్టాడు కాబట్టి. నేను కర్నూలు నుంచి వచ్చేసరికి ఈగలు. తుండుగుడ్డతో మొహం తుడిచాను. ఎడమ చెవి సగమే ఉంది. మిగతా సగం కోసం దుమ్ములో వెతికాను. దొరకలేదు.

చేయించింది చిన్నాయన. అంటే మా నాయనకు బాబాయి కొడుకు. మా తాత, ఆయన నాయన ఒకే తల్లి కడుపున పుట్టారు. ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు, రెండు వీధులు. మేం పాలోళ్ళం, దాయాదులం. అందుకని పెద్దన్న చావు అంటు వాళ్ళకూ వచ్చింది. చంపినవాళ్ళు కూడా గడ్డాలు పెంచుకుని, దేవుడి గూడు మూసేసి, పది రోజులూ అంటు పాటిస్తారు! మావాళ్ళ నియమం. నరకడంలో లేని నియమం ఇక్కడ ఉంటుంది. థూ.

మే 10

నిద్ర పట్టడం లేదు. కత్తి పట్టుకోవడం నాకు రాదు.

మే 21

దినాలు అయ్యాయి. రేపు కర్నూలుకు.

అమ్మ పేరు రామసుబ్బమ్మ. ఆమె ఎదురొస్తే ఊళ్ళో మగవాళ్ళు పక్కకు తప్పుకుంటారు. ఈ పదిరోజుల్లో ఒక్క చుక్క కార్చలేదు. పెద్దన్న వేటకొడవలి తీసి నడిపన్న సుబ్బయ్య చేతిలో పెట్టింది. తర్వాత నా వైపు చూసింది. నాకు ఏమివ్వాలో తోచలేదు ఆమెకు. నువ్వు సదువుకున్నోడివప్పా, నీ పని యాడనో వేరే ఉండాది, పో అంది.

మంచం మీద పడుకుని ఆలోచించాను, దీవెనా తిట్టా అని. తిట్టే.

జూలై 4, కర్నూలు

మా కాలేజీ ఫిజిక్సు డిపార్ట్‌మెంటులో కొత్త డిమాన్‌స్ట్రేటర్ చేరాడు. చెన్నకేశవ. చిన్నాయన కొడుకు! మద్రాసులో ఎమ్మెస్సీ, ఫస్ట్ క్లాసు. ప్రొఫెసర్ గారు నా భుజం మీద చెయ్యి వేసి, ఓబులేశూ, మీ ఇద్దరిదీ ఒకే ఇంటిపేరట గదా, మరీ మంచిది, నీ రూములోనే పెడుతున్నాను అన్నారు. తంజావూరు మనిషి. మా ఇంటిపేరు ఎన్ని పీనుగులను లేపిందో ఆయనకేం తెలుసు.

నా రూమంటే కిటికీలు మూసేసిన పాత స్టోరు. యుద్ధం అయ్యాక వేలంలో కొన్న కండెన్సర్లు వరసగా ఉంటాయి. నడుమెత్తు ఇనుప డబ్బాలు, నెత్తిన పింగాణీ, దానిమీద ఇత్తడి బొడిపె. వాటికి కరెంటు మేపి మేపి, అదంతా ఒక్కసారి వెంట్రుకంత రాగితీగలోకి వదులుతాం. తీగ కరగదు, కాలదు. ఉండదు, అంతే. ఢామ్మని ఆకుపచ్చ మంట. చెవులు గుయ్యిమంటాయి. నా బతుకులో నాకు నచ్చిన చప్పుడు అదొక్కటే.

ఇప్పుడు ఆ రూములో వీడు.

జూలై 6

కొట్టాను.

పిల్లల ముందు నన్ను అన్నా అని పిలిచాడు. ఆ మాట వినగానే పెద్దన్న చెవి కనబడింది. పన్ను ఊడింది వాడికి. వాడూ వదల్లేదు, నా పెదవి చీరేశాడు. కింద పడి దొర్లాం. అటెండరు ఉరుకుందు మధ్యలో దూరి ఇద్దరి దెబ్బలూ తిన్నాడు. ఏం సార్, సదువుకున్నోళ్ళే ఇట్ల కొట్టుకుంటే మా ఆదోని సంతలోళ్ళు శానా నయం గదా అన్నాడు, పక్కటెముకలు పట్టుకుని.

చెన్నకేశవ నెత్తురు ఉమ్మి, పెద్దన్న పోయినప్పుడు నేను మద్రాసులో పరీక్ష రాస్తాంటి, నాకేం తెలీదు అన్నాడు. మీ నాయన మా జేజినాయనను గడ్డివామిలో వేసి కాల్చినపుడు నేను పసిబిడ్డను, అది నేనెపుడన్నా అడిగితినా అన్నాడు. వాళ్ళ జేజినాయన మా తాతకు సొంత తమ్ముడు.

ఉరుకుందు భార్య హంపమ్మ రోజూ బొరుగుల ఉగ్గాని, బజ్జీలు కట్టి పంపుతుంది. పొట్లం విప్పి మాకు చెరిసగం పెట్టాడు. నా సగం గోడకేసి కొట్టాను. వాడు తిన్నాడు. నెత్తురుతోపాటు మింగుతూ తిన్నాడు.

జూలై 19

ప్రొఫెసర్ గారు ఈవేళ ఇద్దరినీ కూర్చోబెట్టి అసలు ప్రశ్న చెప్పారు. తీగ ఆవిరైన క్షణంలో ఆ ఆవిరి సూర్యుడి పైముఖం కన్నా వేడిగా ఉంటుంది. లోపలి వేడి బయటికి ఎలా వస్తుంది? గరిటె కాడ వెంట పాకినట్టు కాదు, అంత టైము లేదు. వెలుతురే మోసుకొస్తుంది. కానీ తిన్నగా రాదు. లోపలి రాగి పరమాణువు విడిచిన వెలుతురును పక్కది మింగుతుంది. కాసేపు ఉంచుకుని కక్కుతుంది. ఎటు కక్కుతుందో దానికే తెలియదు. ముందుకో, వెనక్కో, పక్కకో. ఇంకోటి మింగుతుంది. అలా తిరిగి తిరిగి చివరికి బయటపడేది మనం చూస్తాం. నడిమధ్యలో పుట్టిన వెలుతురును ఎవరూ చూడలేదు అన్నారాయన.

మింగి కక్కకుండా ఉండేది ఉంటుందా సార్ అని అడిగాడు చెన్నకేశవ. మంచి ప్రశ్న. నాకు రానందుకు ఒళ్ళు మండింది. ఉంటుంది, గుంపులో నలిగితే ఆ వెలుతురు దానిలోనే అణిగిపోతుంది, అయితే అది వేడెక్కుతుంది అన్నారు ప్రొఫెసర్ గారు.

తర్వాత కండెన్సర్ల పని వాడికి నేర్పమని నాకు చెప్పి వెళ్ళారు. నేర్పాను. పేల్చాక కూడా డబ్బాల్లో కాస్త మిగులుతుంది, కొక్కెం కర్రతో బొడిపెలను తాకి చంపెయ్యాలి అన్నాను. వెదురు కర్ర, చివర రాగి కొక్కెం, దానికి గొలుసు, గొలుసు నేలలోకి. తాకితే చిటుక్కుమని చస్తుంది.

ఒక్క మాట చెప్పలేదు. చచ్చింది మళ్ళీ లేస్తుందని. ఆ డబ్బాల లోపలి నూనె కాగితాల్లో కొంత నక్కి ఉంటుంది. కొక్కెం తీసేసి వదిలేస్తే తెల్లారేసరికి దానంతటదే బొడిపె మీదికి వస్తుంది. మనిషికి చాలినంత. అందుకే కొక్కెం ఎప్పుడూ తగిలించే ఉంచాలి. నేను చేరిన మొదటిరోజే ప్రొఫెసర్ గారు ఇది నాతో మూడుసార్లు చెప్పించారు.

మరిచిపోయి కాదు. చెప్పలేదు.

ఆగస్టు 11

తీగ వెలుతురును రంగులుగా విడదీసి పట్టిన ఫోటోప్లేటు కడిగాం. రాగి గీత దిట్టంగా పడింది. నెగటివ్ కాబట్టి వెలుగు నల్లగా పడుతుంది. ఆ నలుపు నడుమ సన్నగా తెల్ల చీలిక, కత్తితో కోసినట్టు. ప్రొఫెసర్ గారు చిన్నపిల్లాడిలా గంతేశారు. బయట చల్లారిన రాగి ఆవిరి లోపలి రాగి వెలుతురును తినేసిందయ్యా అన్నారు. పైన అల్యూమినియం ఆవిరి ఉండి ఉంటే ఈ గీత జోలికి పోదు. దాని రుచి దానిది. రాగిని రాగే తింటుంది అన్నారు.

చెన్నకేశవ నా వంక చూశాడు. వాడికీ అదే తట్టిందని నాకు తెలుసు. ప్లేటు ఆరబెట్టి బయటికి పోయాను.

సెప్టెంబర్ 2

సుబ్బయ్య అన్న వచ్చాడు. పంచె మడతలో పెద్దన్న కొడవలి. వానిని మైదుకూరు బస్సు ఎక్కించు సాలు, మిగిలింది మేం సూసుకుంటాం అన్నాడు. వాడు నా వాడు, ముట్టుకోవద్దు అన్నాను. నీతో ఏమయితాదిరా, నీకు కోడిని కొయ్యను రాదు అన్నాడు. నాకు కోయనక్కరలేదు, వాడే వెళ్ళి తాకుతాడు అన్నాను.

అర్థం కాలేదు ఆయనకు. అయితే సరే, వాళ్ళ నాయన, ఆ ముసలోడు, నావాడు అని లేచి వెళ్ళిపోయాడు.

అక్టోబర్ 12, సాయంత్రం

ఊరంతా లారీలు. రాజధాని హైదరాబాదుకు పోతోంది, బీరువాలు కట్టేస్తున్నారు. మా రూములో మాత్రం రేపటి ఆయుధపూజ సందడి.

మధ్యాహ్నం తీగ పేల్చాం. చెన్నకేశవ కొక్కెంతో తాకాడు, చిటుక్కుమంది, రోజూలాగే కర్రను అక్కడే తగిలించాడు; అది దాని చోటనే వాడికి తెలుసు, ఎందుకో తెలియదు. అప్పుడు ఉరుకుందు వచ్చి, ఈ కర్ర ఇడిపించియ్యండి సార్, కడిగి పసుపు పూసి పటం ముందర పెట్టల్ల అన్నాడు. ఈ పనికంతా ఇదే గదా ఆయుధం, ఇది లేకుండా పూజ ఏంటికి అన్నాడు.

నిజమే, వాడు చెప్పింది. ఏ పనిముట్టు మనల్ని కాపాడుతుందో దానికే కదా దండం పెడతాం.

తీసుకో ఉరుకుందూ, డబ్బాలు సచ్చిపోయినాయిలే అన్నాడు చెన్నకేశవ. నన్ను చూశాడు, అంతేనా అన్నట్టు. నేను స్లైడ్‌రూలు తుడుచుకుంటున్నాను.

ఎవరి మిషనుకు వాళ్ళే బొట్టు పెట్టాలి, అది ఇక్కడి ఆనవాయితీ. కండెన్సర్లు ఇప్పుడు వాడివి. రేపు పొద్దున వాడే పెడతాడు.

అక్టోబర్ 13, మహానవమి

ఉరుకుందు తెల్లారకముందే రూము కడిగి మామిడాకులు కట్టాడు. బల్ల మీద పటం. దాని ముందు స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయర్లు, నడుమ కొక్కెం కర్ర. పసుపు పూసి బంతిపూల దండ వేసి పెళ్ళికొడుకును చేశాడు దాన్ని. కండెన్సర్ల మీద ఇత్తడి బొడిపెలు బోసిగా మెరుస్తున్నాయి.

నేను గుమ్మంలో నిలబడ్డాను. వణకలేదు. ఒక్కసారి కూడా వణకలేదు. చెన్నకేశవ తలంటుకుని కొత్త పంచెతో వచ్చాడు. కుంకుమ భరిణె తీసుకుని, అన్నా, పెద్దోడివి, నువ్వు ముందు పెట్టు అన్నాడు. నీ మిషనప్పా, నువ్వే పెట్టు అన్నాను. వాడితో నేను మంచిగా మాట్లాడింది అదే మొదలు. వాడి మొహం విప్పారింది.

అప్పుడొచ్చింది టెలిగ్రాం.

చదివాడు. భరిణె బల్ల మీద పెట్టాడు. బయటికి నడిచి మెట్ల మీద కూలబడ్డాడు. కాగితం లాక్కుని నేనూ చదివాను. నిన్న పొలం దారిలో చిన్నాయన పోయాడు. పోయాడని రాశారు, నరికారని రాయరు కదా టెలిగ్రాంలో.

నాకు సంతోషమేసింది. దాచను. కడుపులోంచి పొంగింది. వాడికి ఎదురుగా గొంతుక్కూర్చుని వాడి మొహంలోకి చూస్తూ ఉండిపోయాను. చూడరా, చూడు, ఎట్లుంటుందో చూడు అనుకున్నాను. తలంటు నీళ్ళు ఇంకా చెంపల మీదికి కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు వాడు. అది చూస్తూ బొడిపెలు మరిచిపోయాను. కర్ర మరిచిపోయాను. అన్నీ మరిచిపోయాను.

లోపల్నుంచి ఉరుకుందు గొంతు. అయ్యో, సార్లిద్దరికీ అంటు వచ్చె గదప్పా, పాలోళ్ళు గదా, ముట్టగూడదు, పొద్దు పోతాండాది, నేనే పెడ్తాలే అన్నాడు.

లేచాను. అరిచానో లేదో తెలియదు. నోరు తెరిచినట్టు గుర్తు.

చప్పుడు చెర్నాకోల దెబ్బంతే. ఎడమచెయ్యి డబ్బా మీద ఆనించి కుడి బొటనవేలితో పెట్టినట్టున్నాడు. ఎదుటి గోడకు విసిరేసింది. వేలు నల్లగా మాడింది, కుంకుమ దానికి అంటుకునే ఉంది. చెన్నకేశవ ఉరికొచ్చి ఛాతీ మీద పిడికిళ్ళతో గుద్దాడు, గుద్దాడు, ఎముక విరిగింది, అయినా గుద్దాడు. మా నాయన పోయినాడు, నువ్వు గూడా పోవద్దు ఉరుకుందూ, లెయ్యప్పా అని ఏడుస్తూ గుద్దాడు. నేను కర్ర తెచ్చి బొడిపెలకు తగిలించాను. చిటుక్కుమంది. ఇంకా ఉంది దాంట్లో.

సుబ్బయ్య అన్న వేసిన దెబ్బ చెన్నకేశవను బతికించింది. ఉరుకుందును చంపింది. ఆ దెబ్బ దారిలో నేనున్నాను.

అక్టోబర్ 14

ఉరుకుందును మట్టి చేశారు. నేను పాడె మోయలేదు. అంటు కదా.

అక్టోబర్ 16

చెన్నకేశవ ఊరికి వెళ్ళే ముందు పోలీసులకు స్టేట్‌మెంట్ ఇచ్చి వెళ్ళాడట. కర్ర తీయమన్నది నేనే, చచ్చిందనుకున్నా, తప్పు నాది అని. దినాలు అయ్యాక వచ్చి లొంగిపోతానన్నాడు. ఎవరు నేర్పారు నీకు అని వాళ్ళడగలేదు, వాడు చెప్పలేదు. వాడికి తెలిసిందో లేదో. తెలిసే ఉంటుంది. నేను కర్ర తగిలించినప్పుడు ఆ చిటుకు వాడూ విన్నాడు.

నవమినాడు ఆస్పత్రి దగ్గర హంపమ్మ వాడి మీద దోసిళ్ళతో మన్ను పోసింది. నీ కొంపలో దీపం ఆరిపోనీ అని తిట్టింది. ఆరిపోయిందమ్మా అన్నాడు వాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

అమ్మ మనిషిని పంపింది. ముసలోడు మన్నులోకి, పిల్లోడు జైలుకు, నా కడుపున పుట్టినోడివి అనిపించుకున్నావప్పా అని చెప్పమందట. మే నెల నుంచి ఈ మాట కోసమే బతికాను. వచ్చిన మనిషిని మంచినీళ్ళయినా ఇవ్వకుండా పంపేశాను.

అక్టోబర్ 19

ప్రొఫెసర్ గారికి చెప్పాను. ఇంత చదువు చెప్పాను నీకు అన్నారు. అంతే. ప్రిన్సిపాలుకు రాసిచ్చాను, పోలీసులకూ రాసిచ్చాను. ఉద్యోగం ఆ గంటలోనే పోయింది. పిలిచినప్పుడు రమ్మన్నారు, కేసు నా మీదికి వస్తుంది, రానీ.

హంపమ్మకు చెప్పాను. అర్థం కావడానికి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. అర్థమయ్యాక చెప్పు తీసుకుని కొట్టింది. మొహం మీద, నెత్తి మీద. నీకేనప్పా, దినామూ నీకేనప్పా, మా పెద్దసారుకు పచ్చిమిరపకాయ బజ్జీ ఒకటి ఎచ్చు పెట్టు అని నా పానం తీసెటోడు అంది. కొడుతూనే అంది. చెయ్యి నొప్పి పుట్టి ఆపింది.

అక్టోబర్ 21

రేపు చిన్నాయన దినం. ఊరికి పోతున్నాను. మా వీధికి కాదు, ఆ వీధికి. ఉత్త చేతులతో. వాడికి నా నోటితో చెప్పాలి.

భయంగా ఉంది.

అక్టోబర్ 30

అక్షరాలు కుదరడం లేదు. కొద్దిగానే రాస్తాను.

చెప్పాను. పందిట్లో, అందరి ముందు. బోడిగుండుతో, తడిపంచెతో ఉన్నాడు. అంతా విన్నాడు. నా కోసమే కదన్నా అది అన్నాడు. అవును అన్నాను. పక్కన కట్టెలు కొట్టే కత్తి ఉంది. ఎత్తాడు. చెయ్యి అడ్డం పెట్టాను, పెద్దన్న లాగే. కుడిచేతి వేళ్ళు మూడు కింద పడ్డాయి.

వాడే కత్తి పారేశాడు. వాడే పైగుడ్డ చించి కట్టాడు. అన్నా, అన్నా అంటూ. వాళ్ళ మామలు ఇంకా కత్తులు తీస్తుంటే వాళ్ళకు అడ్డం పడ్డాడు. నన్ను బండిలో వేసుకుని మైదుకూరు ఆస్పత్రికి తోలాడు. మీ సుబ్బయ్యన్న ఇంగ ఊరుకుంటాడా, ఎల్లుండికి నేను ఉండను అన్నాడు. ఊరుకుంటాడు అన్నాను.

సబ్ ఇన్‌స్పెక్టర్ అడిగాడు. చొప్ప కోస్తుంటే తెగింది అన్నాను. నవ్వాడు. అదే రాసుకున్నాడు.

జ్వరం. లోపలంతా కాలిపోతోంది.

నవంబర్ 9

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన పూటే సుబ్బయ్య అన్న నన్ను పెరట్లోకి పిలిచాడు. వాకిట్లో మనుషులు కత్తులతో కూర్చుని ఉన్నారు. పందిట్లో జరిగింది ఊరంతా తెలిసినా, కట్టు చూపించి, ఎవుడ్రా అన్నాడు. జొన్నచొప్ప కోస్తుంటే తెగింది అన్నాను. కుడిచేతి ఏళ్ళు తెగినాయంటే కొడవలి ఏ చేత పట్టినావు అన్నాడు. ఎడమచేత అన్నాను.

గడ్డికొడవలి తెచ్చి నా ఎడమచేతిలో పెట్టాడు. కోసి సూపీ అన్నాడు.

కుడిచేతి కట్టుతో చొప్ప అదిమిపట్టి కోశాను. కట్టు తడిసిపోయింది. అమ్మ పెరటి అరుగు మీదనుంచి చూస్తోంది. మోపంతా అయ్యేదాకా ఆయన కదల్లేదు. అప్పుడు కొడవలి నా చేతిలోంచి తీసుకుని చూరులో దోపి, వాకిట్లోవాళ్ళను అన్నం తిని ఇండ్లకు పొమ్మన్నాడు.